సరళీ స్వరాల వెనుక నడిచిన దారి

సంగీతం క్లాసులో మొదటి పాఠం స రి గ మ ప ద ని. రాగం మాయామాళవగౌళ, తాళం ఆది. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. ఇది లఘువు. దెబ్బ వేసి చెయ్యి వెల్లకిలా తిప్పితే ద్రుతం. ఒక లఘువు, రెండు ద్రుతాలు: నాలుగు, రెండు, రెండు కలిపి ఎనిమిది అక్షరాలు. పది నిమిషాల్లో ఎనిమిదేళ్ల పిల్లకు పట్టుబడే ఈ లెక్క వెనుక రెండు వేల ఏళ్ల ఆలోచన ఉంది. స్వరం, శ్రుతి, రాగం, మేళం అనే మాటల్లో ప్రతిదీ ఏదో ఒక అవసరం కొద్దీ పుట్టింది. ఆ అవసరం తెలిస్తే ఆ మాటను బట్టీ పట్టనక్కర్లేదు.

భరతుడి నాట్యశాస్త్రంలో సంగీతం నాటకానికి తోడు. షడ్జం, ఋషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం అనే ఏడు స్వరాలు, స్థాయిలో 22 శ్రుతులు అనే సూక్ష్మ అంతరాలు అందులోనే ఉన్నాయి. అప్పటి పాటకు ఆధారం ‘జాతులు’ అనే స్వరాల అమరికలు. మనం ఈనాడు రాగం అంటున్న దానికి లక్షణం చెప్పినవాడు ఆ తర్వాత వచ్చిన మతంగుడు. ఆయన గ్రంథం పేరే బృహద్దేశి. దేశదేశాల జనం పాడుకునే పాటను శాస్త్రంలోకి తెచ్చాడు. మనసును రంజింపజేసేదే రాగం అన్నాడు. అందుకే రాగమంటే స్వరాల వరుస ఒక్కటే కాదు. ఆరభికీ దేవగాంధారికీ ఆరోహణ, అవరోహణలు ఒకటే. అయినా విన్నవాళ్లు ఏది ఏదో చెప్పేస్తారు. స్వరాన్ని ఊపే తీరు (గమకం), నిలిపే చోటు వేరు కాబట్టి.

13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు అప్పటిదాకా ఉన్న శాస్త్రాన్నంతా సంగీతరత్నాకరంలో ఏడు అధ్యాయాలుగా కూర్చాడు. ఉత్తరాది, దక్షిణాది సంగీతాలు రెండూ నేటికీ ఆ గ్రంథాన్ని తమదనే చెప్పుకుంటాయి. దానికి వ్యాఖ్య రాసినవారిలో రాచకొండ ఏలిన రేచర్ల సింగభూపాలుడు ఉన్నాడన్నది తెలుగువాళ్లం గుర్తుంచుకోదగ్గ సంగతి.

కాలం గడిచేకొద్దీ గ్రంథంలో ఉన్న మాటకూ గొంతులో పలికే పాటకూ దూరం పెరిగింది. ఆ దూరాన్ని తగ్గించే పనికి విజయనగర సామ్రాజ్యంలో రామామాత్యుడు పూనుకున్నాడు. అళియ రామరాయల ప్రోత్సాహంతో 1550లో స్వరమేళకళానిధి రాశాడు. ఆయన చేతిలోని సాధనం వీణ. గొంతులో స్వరం ఎక్కడుందో వేలు పెట్టి చూపలేం. వీణ మీద చూపొచ్చు. ఏ మెట్టు మీద ఏ స్వరమో నిర్ణయించి, ఒకే స్వరాలు వాడే రాగాలను ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపుకు మేళం అన్నాడు. అలా ఇరవై మేళాలు లెక్కకు వచ్చాయి.

తర్వాతి శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. అసలు ఎన్ని మేళాలకు వీలుంది? ఈ లెక్క బడిపిల్లలు కూడా చేయొచ్చు. షడ్జం, పంచమం కదలవు. రి, గ జతకు ఆరు రకాలు. ద, ని జతకు ఆరు రకాలు. ఆరారులు ముప్పై ఆరు. మధ్యమాలు రెండు కాబట్టి మొత్తం 72. చతుర్దండీప్రకాశికలో ఈ లెక్క తేల్చిన వేంకటమఖే తన కాలంలో వాడుకలో ఉన్నవి పంతొమ్మిదే అన్నాడు. మిగతా గదులు ఖాళీ. పాట పుట్టకముందే పాటకు చోటు సిద్ధమైంది.

ఆ 72 గదులకు, అంటే మేళకర్తలకు, తర్వాతివాళ్లు పేర్లు పెట్టి, పేరులోనే సంఖ్యను దాచారు. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది సూత్రంలో ‘మా’కు 5, ‘య’కు 1. అంకెలు తిరగేస్తే 15. మాయామాళవగౌళ 15వ మేళకర్త. ధీరశంకరాభరణంలో ‘ధీ’ 9, ‘ర’ 2. తిరగేస్తే 29. పేరు తెలిస్తే సంఖ్య, సంఖ్య తెలిస్తే స్వరాలు తెలిసిపోతాయి.

సరళీ, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు అనే పాఠక్రమాన్ని పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. పాట నిర్మాణం కూడా అంచెలంచెలుగా పెరిగింది. అన్నమయ్య సంకీర్తనలు పల్లవి, చరణాలతో నడిచాయి. పల్లవి, అనుపల్లవి, చరణం అనే అమరిక త్యాగరాజు నాటికి కృతిగా స్థిరపడింది. ఒకే పాదాన్ని మెట్టు మెట్టుగా పెంచే సంగతులతో అది నిండుగా విచ్చుకుంది.

స్వరలిపి విలువ తెలియాలంటే తిరుమల రాగిరేకులను తలుచుకోవాలి. అన్నమయ్య పాటల మాటలు ఆ రేకుల మీద చెక్కి ఉన్నాయి. ఒక్కో పాటకు రాగం పేరూ ఉంది. స్వరాలు లేవు. మాట బతికింది, బాణీ పోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిలో కొన్నింటికి కొత్తగా స్వరాలు కట్టాల్సి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు ఆ గతి పట్టలేదు. ఎట్టయపురంలో ఉండిన సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని స్వరాలతో, గమకాల గుర్తులతో సహా అచ్చు వేయించారు. తమిళదేశంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగులో ఉంది. సంగీత విద్వాంసుల ఉమ్మడి భాష అప్పట్లో తెలుగు కావడమే కారణం.

1919లో ఉత్తరాంధ్రలోని విజయనగరంలో సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ గురువు. గురువు ఇంటి అరుగు మీది విద్య తరగతి గదికి వచ్చింది. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ 72 మేళకర్తల్లోనూ కృతులు రచించారు. వేంకటమఖి లెక్కగట్టి వదిలిన గదుల్లో అలా దీపాలు వెలిగాయి.

ఈ రోజు క్లాసులో పిల్లలు నోటుబుక్కు తెరిచి పైన రాగం, తాళం పేర్లు రాస్తారు. కింద స్వరాలు రాస్తారు. తారస్థాయికి అక్షరం పైన చుక్క, మంద్రానికి కింద చుక్క పెడతారు. లఘువు అయ్యేచోట నిలువుగీత గీస్తారు. తిరుమల రేకుల మీద లేనివి ఆ స్వరాలూ చుక్కలూ గీతలే.