పేగు శస్త్రచికిత్స తర్వాత వాయుబాధ: కారణాలు, ఆహార నియమాలు, ప్రమాద సూచనలు

బెల్తరా (బిలాస్‌పూర్): చిన్నపేగు, పెద్దపేగు, పురీషనాళాలకు శస్త్రచికిత్స జరిగినవారిలోనూ, ఉదరభాగపు క్యాన్సర్‌కు కీమోథెరపీ లేదా రేడియేషన్ చికిత్స పొందినవారిలోనూ కడుపుబ్బరం, అపానవాయువు అధికం కావడం సర్వసాధారణం. అత్యధికుల్లో ఇది ప్రమాదకరం కాదు. కాలక్రమంలో తగ్గుముఖం పడుతుంది. అయితే దీని విషయంలో రెండు పొరపాట్లు రోగికి కీడు చేస్తాయి. గ్యాస్ భయంతో తిండి తగ్గించుకుని నీరసించడం మొదటిది. పేగు మూసుకుపోయినప్పటి లక్షణాలను సైతం గ్యాస్‌గానే భావించి, ఇంటి వైద్యంతో విలువైన సమయాన్ని పోగొట్టుకోవడం రెండవది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తమ వంటకాలతోపాటు పథ్యపు ఆచారాలనూ వెంట తెచ్చుకున్నాయి. వాటిలో మేలు చేసేవీ ఉన్నాయి, శస్త్రచికిత్స తర్వాత కోలుకోవడాన్ని ఆలస్యం చేసేవీ ఉన్నాయి. ఏది పాటించాలో, ఏది విడిచిపెట్టాలో తెలియాలంటే ముందు వాయువు పుట్టుక తెలియాలి.

వాయువు ఎక్కడి నుంచి వస్తుంది?

పేగుల్లోని వాయువుకు ప్రధానంగా రెండు మూలాలున్నాయి. ఒకటి, తినేటప్పుడు, తాగేటప్పుడు మింగే గాలి. రెండవది, చిన్నపేగులో జీర్ణం కాని పిండిపదార్థాలను పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు వెలువడే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్. దుర్వాసనకు కారణం స్వల్ప పరిమాణంలో ఉండే గంధక సంయోగాలు మాత్రమే. ఆరోగ్యవంతులు సైతం రోజుకు సుమారు 10 నుంచి 20 సార్లు వాయువును విసర్జిస్తారు. కనుక చికిత్స తర్వాత వాయువు పూర్తిగా లేకుండా చేయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. బాధ లేని స్థాయికి తేవడమే లక్ష్యం.

తొలి రోజులు

ఉదర శస్త్రచికిత్స తర్వాత పేగుల కదలిక కొంతకాలం మందగిస్తుంది. చిన్నపేగు ముందుగా కోలుకుంటుంది. పెద్దపేగు కదలిక సాధారణ స్థితికి రావడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. అందుకే వార్డులో వైద్యులు, నర్సులు ‘గాలి పోయిందా?’ అని పదేపదే అడుగుతారు. సిగ్గుపడి దాచవలసిన ప్రశ్న కాదది. ఆ సమయంలో అపానవాయువు వెలువడటం పేగు మేల్కొన్నదనడానికి శుభసూచన.

వైద్యులు అనుమతించిన వెంటనే మంచం దిగి నాలుగడుగులు వేయడం పేగుల కదలికకు తోడ్పడుతుంది. ఈ దశలో చూయింగ్ గమ్ నమలడం వల్ల కొంత ప్రయోజనం ఉన్నట్లు పరిశోధనలు సూచించాయి. కానీ ఇంటికి వచ్చాక అదే అలవాటుగా మారితే మింగే గాలి పెరుగుతుంది.

లాప్రోస్కోపీలో పొట్టను ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్‌ను నింపుతారు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావడానికి అదే కారణం. ఆ వాయువు పేగులో ఉండదు. శరీరం దానిని క్రమంగా పీల్చుకుని శ్వాస ద్వారా బయటకు పంపుతుంది.

చికిత్సను బట్టి ఇబ్బంది

చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట ఒక కవాటం ఉంటుంది. పెద్దపేగు కుడిభాగాన్ని తొలగించినప్పుడు అదీ పోతుంది. దాంతో సూక్ష్మజీవులు చిన్నపేగులోకి చేరి ఉబ్బరం కలిగించవచ్చు. పైత్యరసం సరిగా పీల్చుకోబడక విరేచనాలు పలుచబడవచ్చు. ఈ రెండింటికీ మందులున్నాయి.

పురీషనాళ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగితే మలాన్ని నిలువ ఉంచే స్థలం తగ్గుతుంది. వచ్చేది గాలా, మలమా అన్న తేడా తెలియకపోవడం, కొద్ది వ్యవధిలో పలుమార్లు విరేచనానికి వెళ్లవలసి రావడం ఇక్కడి ప్రధాన సమస్య. చాలామందిలో ఏడాది వరకు, కొందరిలో రెండేళ్ల వరకు క్రమంగా మెరుగుదల కనిపిస్తుంది. మలద్వారాన్ని బిగించి వదిలే కటి కండరాల వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకోవాలి.

కీమోథెరపీ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీసినప్పుడు పాలలోని చక్కెర తాత్కాలికంగా జీర్ణం కాకపోవచ్చు. పాలు తాగిన కొద్ది గంటల్లో ఉబ్బరం, నీళ్ల విరేచనాలు కనిపిస్తే కొన్ని వారాలు పాలు మాని చూడాలి. పెరుగు, మజ్జిగ చాలామందికి సరిపడతాయి. కటిభాగానికి ఇచ్చిన రేడియేషన్ ప్రభావం మాత్రం నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. కనుక వైద్యునికి పాత చికిత్స వివరాలు చెప్పడం మరువరాదు.

పథ్యం పేరుతో పస్తులు వద్దు

పప్పు తింటే కుట్లు చీము పడతాయన్న నమ్మకం అనేక తెలుగు ఇళ్లలో ఉంది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. గాయం మానడానికి మాంసకృత్తులు అత్యవసరం. పప్పు మానేసి, గుడ్డు, చేప కూడా వద్దని, చారన్నంతోనే వారాలు గడిపితే బరువు తగ్గి, తదుపరి కీమోథెరపీని తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది.

పప్పు వల్ల గ్యాస్ వస్తుందన్నది మాత్రం నిజమే. పప్పుధాన్యాల్లోని కొన్ని చక్కెరలను జీర్ణం చేసే ఎంజైము మనిషికి లేదు. వాటిని పెద్దపేగులోని సూక్ష్మజీవులే పులియబెడతాయి. అయితే పప్పును కొన్ని గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, మంచినీటితో మెత్తగా ఉడికిస్తే ఆ చక్కెరలు తగ్గుతాయి. శనగలు, ఉలవలు, రాజ్మా, అలసందలతో పోలిస్తే పలుచని పెసరకట్టు తేలిక. పులిసిన పిండితో చేసే ఇడ్లీ కూడా చాలామందికి సరిపడుతుంది.

శస్త్రచికిత్స తర్వాత తొలి వారాల్లో పీచు తక్కువగా ఉన్న మెత్తని ఆహారాన్ని వైద్యులు సూచిస్తారు. తర్వాత ఒక్కో పదార్థాన్ని విడివిడిగా, రెండు మూడు చెంచాలతో ప్రారంభించి, రెండు మూడు రోజులు గమనించి పెంచాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, పచ్చి ఉల్లి, పనస, శీతలపానీయాలు సాధారణంగా గ్యాస్ పెంచేవి. వీటిని శాశ్వతంగా నిషేధించవలసిన పని లేదు. ఏది పడలేదో పుస్తకంలో రాసి పెట్టుకుని, కొన్ని వారాల తర్వాత మళ్లీ ప్రయత్నించాలి.

మూడు పూటల నిండు భోజనానికి బదులు ఐదారు సార్లు కొద్దికొద్దిగా, బాగా నమిలి తినడం మంచిది. వేళాపాళా లేని రైలు డ్యూటీల్లో ఉన్నవారు హడావుడిగా తిని, వేడి టీని జుర్రుకుంటూ తాగితే ఆహారంతోపాటు గాలి కూడా లోపలికి వెళ్తుంది. బీడీ, గుట్కా, పాన్ అలవాట్లూ అంతే. అవి క్యాన్సర్ కారకాలు కూడా.

తెలుగువారి చద్దన్నం, ఛత్తీస్‌గఢ్ వారి బోరే బాసీ వేసవిలో ఇంటింటా కనిపించే ఆహారం. కానీ కీమోథెరపీ వల్ల తెల్ల రక్తకణాలు తగ్గి ఉన్న రోజుల్లో రాత్రంతా బయట ఉంచిన అన్నం తినరాదు. ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం ఉంది.

మందులు, ఉపశమనం

సిమెథికోన్ బిళ్లలు వాయు బుడగలను కరిగిస్తాయి. కొందరికి హాయినిస్తాయి గానీ వాయువు ఉత్పత్తిని తగ్గించవు. నీటిలో పొంగే సోడా పొడులు పొట్టలో మరింత కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. వాటిలోని సోడియం రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మంచిది కాదు. మార్ఫిన్, ట్రమడాల్ వంటి నొప్పి మందులు, వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్, ఐరన్ మాత్రలు మలబద్ధకం ద్వారా ఉబ్బరాన్ని పెంచవచ్చు. లాక్టులోజ్ సిరప్, ఇసబ్‌గోల్ మొదట్లో గ్యాస్‌ను అధికం చేస్తాయి. వీటిని సొంతంగా ఆపకుండా, మోతాదు మార్చమని వైద్యుని కోరాలి.

వాము, జీలకర్ర, ఇంగువలను వంటలో వాడుకోవచ్చు. కీమోథెరపీ సాగుతున్నప్పుడు వైద్యునికి చెప్పకుండా కషాయాలు, మూలికా చూర్ణాలు తీసుకోరాదు. భోజనానంతరం పది పదిహేను నిమిషాల నడక, కుట్లు మానాక మోకాళ్లను పొట్టవైపు ముడుచుకుని పడుకోవడం వాయువు కదలడానికి సాయపడతాయి.

స్టోమా సంచి ఉన్నవారికి

కొలోస్టమీ, ఇలియోస్టమీ జరిగినవారిలో వాయువు పొట్టపై అమర్చిన సంచిలో నిండుతుంది. బొగ్గు ఫిల్టర్ ఉన్న సంచులు వాసనను తగ్గిస్తూ గాలిని వదులుతాయి. సాధారణ సంచిని మరుగుదొడ్డిలో తెరిచి గాలిని తీసివేయాలి. సూదితో రంధ్రం చేస్తే వాసన, స్రావం బయటికి వస్తాయి. ఇలియోస్టమీ ఉన్నవారు కొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగులు, నారపీచు కూరగాయలతో జాగ్రత్తగా ఉండాలి. సరిగా నమలకపోతే అవి స్టోమా వద్ద అడ్డుపడవచ్చు.

స్టోమా ఉన్నవారికి రైల్వే సీజన్ టికెట్లపై 50 శాతం రాయితీ ఉంది. చికిత్స కోసం ప్రయాణించే క్యాన్సర్ రోగులకు కూడా నిర్ణీత ధ్రువపత్రంపై ఛార్జీలో రాయితీ లభిస్తుంది. ప్రయాణానికి ముందు గ్యాస్ పెంచే ఆహారం మాని, అదనపు సంచులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కడుపు ఉబ్బి, తెరలు తెరలుగా నొప్పి వస్తూ, గాలి, మలం రెండూ నిలిచిపోయి, వాంతులు మొదలైతే అది గ్యాస్ కాదు. పేగు అడ్డంకి కావచ్చు. శస్త్రచికిత్స తర్వాత పేగుల చుట్టూ ఏర్పడే అతుకుల వల్ల ఇది ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. ఇలియోస్టమీ నుంచి గంటల తరబడి ఏమీ రాకపోయినా, స్టోమా నల్లబడినా ఇంతే తీవ్రంగా పరిగణించాలి. ఈ స్థితిలో విరేచనాల మందు, సోడా, వాము నీరు ఇవ్వరాదు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

కీమోథెరపీ పొందుతున్నవారికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం వచ్చినా తెల్లవారే వరకు ఆగరాదు. మలంలో రక్తం, కారణం తెలియని బరువు తగ్గుదల, తగ్గిన ఉబ్బరం మళ్లీ పెరగడం కనిపిస్తే తదుపరి అపాయింట్‌మెంట్ కోసం వేచి ఉండకుండా వైద్యుని కలవాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి పత్రం, వాడుతున్న మందుల జాబితా, ఆహారం రాసుకున్న పుస్తకం వెంట తీసుకువెళ్లాలి. చివరిసారి గాలి ఎప్పుడు పోయిందో, విరేచనం ఎప్పుడు అయిందో వైద్యునికి మొహమాటం లేకుండా చెప్పాలి. రోగనిర్ధారణకు ఆ రెండు సమాధానాలు ఎంతో కీలకం.