పిలిస్తే వచ్చే కారు - నూరేళ్ళ కథ

తోలేవాడు లేకుండా బండి ఇల్లు చేరడం మన పల్లెలకు కొత్త కాదు. సంత నుంచి రాత్రివేళ తిరిగివచ్చే రైతు బండిలో కునుకు తీసినా, ఎద్దులు దారి తప్పక వాకిట్లోకి వచ్చి ఆగేవి. మన తరంవారిలో చాలామంది చిన్నతనంలో అలా నిద్రపోతూ ఇల్లు చేరినవారే. ఎద్దుకు కళ్ళున్నాయి, దారి జ్ఞాపకం ఉంది, గొయ్యి కనిపిస్తే ఆగే తెలివి ఉంది. మోటారు కారు వచ్చాక ఈ మూడింటి భారమూ డ్రైవరు మీద పడింది. ఆ కళ్ళను బండికి తిరిగి ఇవ్వాలని మనుషులు నూరేళ్ళుగా ప్రయత్నిస్తున్నారు. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన మన సభ్యులలో కొందరు, పార్కింగు స్థలంలోని ఖాళీ కారు ఫోను నొక్కగానే కదిలి రావడం చూసే ఉంటారు. అది ఎలా వచ్చిందో, మనవంటివారికి నిత్యజీవితంలో ఎంతవరకు ఉపయోగమో నాలుగు మాటలు మనవి చేస్తాను.

తొలి ప్రయత్నాలు

1925 జూలైలో న్యూయార్కు నగరంలో హౌడినా రేడియో కంట్రోల్ అనే కంపెనీ ఒక కారును డ్రైవరు లేకుండా నడిపించింది. వెనుక మరొక కారులో కూర్చున్న మనిషి రేడియో సంకేతాలు పంపుతుంటే ముందు కారు స్టీరింగు తిరిగేది. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. కాని ఫిఫ్త్ ఎవెన్యూలో అది వంకరటింకరగా పోయి, తనకు తోడుగా వస్తున్న కారునే గుద్దింది.

1939లో అదే నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ సంస్థ, 1960 నాటికి కార్లు వాటంతట అవే నడిచే రహదారులు ఉంటాయని బొమ్మలు కట్టి చూపింది. 1957లో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ పట్టణం వెలుపల 400 అడుగుల రోడ్డు కింద తీగలు పాతి ఒక ప్రయోగం చేశారు. బాగానే పనిచేసింది. అయితే తీగ పాతిన రోడ్డు దాటితే ఆ విద్య పనికిరాదు. దేశంలోని రోడ్లన్నీ తవ్వి తీగలు పాతడం అయ్యే పని కాదు.

ఇక కారును ఇరుకు చోట నిలపడం వేరే చిక్కు. కాలిఫోర్నియాకు చెందిన బ్రూక్స్ వాకర్ అనే ఆయన కారు వెనుక భాగంలో అయిదో చక్రం అమర్చి, దాన్ని దించితే కారు వెనుక భాగం పక్కకు జరిగే ఏర్పాటు చేశాడు. 1950లలో దాన్ని చాలామందికి చూపినా కార్ల కంపెనీలు స్వీకరించలేదు. 2003లో జపానులో టొయోటా వారి ప్రియస్ కారుకు తనంతట తానే స్టీరింగు తిప్పుకుని పార్కు చేసుకునే సదుపాయం వచ్చింది. డ్రైవరు మాత్రం లోపలే కూర్చుని, బ్రేకు మీద కాలు ఉంచాలి.

అమెరికా రక్షణ శాఖవారి పరిశోధనా సంస్థ 2004లో ఎడారిలో డ్రైవరు లేని బండ్ల పందెం పెడితే ఒక్కటీ గమ్యం చేరలేదు. మరుసటి ఏడు అయిదు చేరాయి. 2007లో వీధుల మధ్య జరిగిన పందెంలో బండ్లు వాటంతట అవే పార్కు కూడా చేసుకోవలసి వచ్చింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారి బండి నెగ్గింది.

గుమ్మం ముందుకు

2016 జనవరిలో టెస్లా కంపెనీ తన కార్లకు 'సమ్మన్' అనే సదుపాయం ఇచ్చింది. పేరుకు తగ్గట్టు పిలుపే. అయితే కారు గ్యారేజీలోకి తిన్నగా పోవడం, తిన్నగా బయటకు రావడం వరకే. రెండేళ్ళలో లాస్ ఏంజెలెస్‌లో ఉండి న్యూయార్కులోని కారును పిలిపించుకోవచ్చునని అప్పట్లో ఆ సంస్థ అధినేత ఎలాన్ మస్క్ ప్రకటించారు. 2019 సెప్టెంబరులో మెరుగుపరచిన పద్ధతి వచ్చేనాటికి ఆ దూరం 200 అడుగుల దగ్గర ఆగింది. ఫోనులో గుర్తును వేలితో నొక్కి ఉంచాలి, వేలు తీస్తే కారు ఆగిపోతుంది. కారు పిలిచినవారి కంటికి ఆనుతూ ఉండాలి. ప్రజలు తిరిగే రోడ్ల మీద వాడరాదు. 2024 సెప్టెంబరులో ఇంకొక మెరుగైన పద్ధతి విడుదలైంది. కార్లు స్తంభాలను, ఆగి ఉన్న బండ్లను తాకిన సంఘటనలు రావడంతో, 2025 జనవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ సుమారు 26 లక్షల కార్ల విషయమై విచారణ మొదలుపెట్టింది.

జర్మనీవారు వేరే దారి పట్టారు. బాష్, మెర్సిడెస్ కంపెనీలు కలిసి, కెమెరాలను పార్కింగు భవనంలోనే అమర్చాయి. కారు దిగి వెళ్ళిపోతే అదే పోయి ఖాళీ చోటులో నిలుస్తుంది, పిలిస్తే తిరిగి వస్తుంది. 2022 నవంబరులో స్టట్‌గార్ట్ విమానాశ్రయంలోని ఒక పార్కింగు భవనంలో దీనికి ప్రభుత్వ అనుమతి లభించింది.

మనకు ఏమిటి ప్రయోజనం?

మనం ఉద్యోగంలో చేరిన రోజుల్లో కార్యాలయం పోర్టికోలోకి జీపు వచ్చి ఆగేది పై అధికారికి మాత్రమే. మనమందరం సైకిలు స్టాండుకు నడిచి, చిక్కుపడిన హ్యాండిళ్ళ మధ్య నుంచి మన సైకిలు లాక్కునేవాళ్ళం. డ్రైవరును పెట్టుకోలేని మనిషికి కూడా బండి గుమ్మం ముందుకు రావడం ఈ సదుపాయంలోని విశేషం.

అయితే ఆరోగ్యవంతుడికి దీనివల్ల కాలం కలిసిరాదు. మా అమ్మాయి ఊళ్ళో ఒక పెద్ద దుకాణం ముందు నిలబడి ఇటువంటి కారు ఒకటి రావడం చూశాను. తోపుడుబండి నెట్టుకుంటూ ఒక కుర్రవాడు అడ్డం వస్తే ఆగింది, మరో కారు వెనక్కు వస్తుంటే ఆగింది. యజమాని నడిచి వెళ్ళి ఉంటే ఇంకా ముందే బయలుదేరేవాడు. కాని ఆయన పక్కన చేతికర్రతో ఆయన తల్లి నిలబడి ఉంది. ఆమెను అక్కడ ఒంటరిగా వదిలి వెళ్ళనక్కరలేకపోయింది. ఆమె తడవలేదు, వాననీటిలో అడుగు వేయలేదు.

మా ఆవిడకు రెండు మోకాళ్ళూ నొప్పులు. 200 అడుగులు అంటే మాకు చిన్న దూరం కాదు. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడల్లా నేను ఆమెను గేటు దగ్గర నిలబెట్టి ఆటో కోసం వెతుకుతాను, ఆమె జారిపడుతుందేమోనని వెనక్కు చూస్తూ. మన ఈడువారి బాధ ఇదే. ఇంకొక మేలు, ఇరుకు చోట్లలో. పక్క బండి మరీ దగ్గరగా నిలిపితే తలుపు తెరవడం కుదరదు, స్థూలకాయులకు, ఆపరేషను అయినవారికి మరీ కష్టం. అపార్టుమెంటు సెల్లార్లలో స్తంభాల మధ్య ఇరుక్కున్నవారికి ఈ చిక్కు తెలుసు. అక్కడ కారు తానే పది అడుగులు ముందుకు వస్తే అదే పెద్ద సాయం.

ఆవులు, తోపుడుబండ్లు, ఆడుకునే పిల్లలు ఉండే మన సందుల్లో మాత్రం ఆ వేలు నొక్కేవారి కళ్ళే కారుకు కళ్ళు. ఏ కాగితమైనా కదిలితే దాని మీద ఒకరి సంతకం ఉండాలన్నది మనం ఉద్యోగంలో నేర్చిన పాఠం. ఇక్కడా అంతే. లోపల డ్రైవరు లేకపోయినా బాధ్యత పిలిచినవారిదే.

కనుక పిల్లల ఇళ్ళకు వెళ్ళే సభ్యులు, అటువంటి కారు వస్తున్నప్పుడు దాని దారిలో నిలబడవద్దనీ, మనవలను చేయి పట్టుకుని పక్కనే ఉంచుకోవలసిందనీ, అది పూర్తిగా ఆగిన తరువాతనే తలుపు దగ్గరకు వెళ్ళవలసిందనీ మనవి.