మరియా థెరీసా థేలర్: కాలాన్ని దాచిన నాణెం

గుర్తు తెలియని పాత ఐరోపా నాణెం దొరికినప్పుడు దానిపై ఉన్న సంవత్సరాన్నే ప్రమాణంగా తీసుకోవడం పరిపాటి గాని, ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరీసా పేరిట వెలువడిన థేలర్, అంటే దాదాపు 28 గ్రాముల బరువుగల పెద్ద వెండి నాణెం, ఆ పద్ధతికి లొంగదు. 1780 నవంబరులో రాణి మరణించినా, ఎర్రసముద్రపు వర్తకంలో, ముఖ్యంగా ఇథియోపియా, యెమెన్ ప్రాంతాలలో, జనం అలవాటుపడిన ఆ ముద్రనే నమ్మినందువల్ల, టంకశాలలు అదే సంవత్సరాన్ని నిలిపి ముద్రణ కొనసాగించాయి. వియన్నాతోపాటు రోమ్, లండన్, పారిస్ నగరాలలోనూ, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయిలోనూ ఇది తయారైంది. కనుక పరిశీలకుడు ముందుగా లాటిన్ భాషలోని సంక్షిప్త బిరుదులను విడదీసి పాలకురాలిని గుర్తించి, బరువునూ, అంచుపై న్యాయము, దయ అని అర్థమిచ్చే నినాదాన్నీ సరిచూడాలి. అసలు చిక్కు ఆపైనే. ప్రతిమ కింద కనిపించే ఎస్, ఎఫ్ అక్షరాలు గుంజ్‌బర్గ్ టంకశాల అధికారులైన షోబుల్, ఫాబీల పేర్లకు పొడి అక్షరాలే అయినా, తరువాతి ముద్రణలు వాటినీ యథాతథంగా నకలు చేసినందున అవి నాణెం పుట్టిన చోటును నిరూపించవు. రాణి భుజంపై పతకంలోని ముత్యాల అమరిక, వెనుకవైపు రెండు తలల గద్ద తోక ఈకల తీరు వంటి స్వల్ప భేదాలే టంకశాలను పట్టిస్తాయి.