వెరావల్ రేవులో చిక్కిన ఊళ్లు

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని లాక్‌డౌన్ ప్రకటిస్తున్న సమయానికి ఆ బోటు ఇంకా వేటలోనే ఉంది. వారం తర్వాత సరుకుతో గుజరాత్‌లోని వెరావల్ రేవుకొచ్చేసరికి కొనే నాథుడు లేడు. బోటు దిగొద్దని యజమాని సేఠ్ ఫోన్లోనే చెప్పేశాడు.

"ఎన్నాళ్లు మావా?" కుర్ర ఖలాసీ అడిగాడు.

"ఇరవయ్యొక్క రోజులంట. సముద్రంలో అన్నాళ్లు ఉండనేదేట్రా మనం?" అన్నాడు బోటు నడిపే తండేలు.

ఉన్నారు. కానీ నడి సముద్రంలో గాలుంటుంది, చేతినిండా పనుంటుంది. రేవులో బోటుకు బోటు ఆనుకుని ఉంటుంది. ఒకదాని మీంచి ఇంకోదాని మీదకు అడుగులేసుకుంటూ చాలా దూరం పోవచ్చు. కింద డీజిలు తెట్టె కట్టిన నల్లటి నీళ్లు, కుళ్లిన చేపల కంపు. వేటలో ఒళ్లు కడుక్కోవడానికి ఉప్పునీళ్లయినా ఉంటాయి, ఇక్కడ అవీ ముట్టుకోలేరు. కాలకృత్యాలకు చీకటి పడేదాకా ఉగ్గబట్టుకోవాల్సిందే.

బోటులో ఎనిమిది మంది. కేబిన్లో నలుగురికే చోటు, మిగతావాళ్లకు వలల కుప్పే పరుపు. తాగే నీళ్ల డ్రమ్ముకు తండేలు కాపలా. పొద్దున ఒక చెంబు, రాత్రికి ఒక చెంబు. ఇంటికి ఫోన్ చేస్తే ముందు దగ్గు వినిపించేది, తర్వాత దూరం పాటించమనే హెచ్చరిక. పక్కవాడి మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంటుండగా వాళ్లు అది వినేవాళ్లు.

"ఊరోళ్లు దారికి అడ్డంగా ముళ్లకంపలేసినారు. నువ్వొచ్చినా రానిత్తారో నేదో," అంది తండేలు భార్య ఒకరోజు.

"నాను ఊరోడ్ని కానేటి?"

ఆమె జవాబు చెప్పలేదు. ఆ రాత్రి అతను ముద్ద ముట్టలేదు.

ఇలా చిక్కుకున్న మన మత్స్యకారులు నాలుగు వేలకు పైనే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలోని పల్లెల మగవాళ్లు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరముంది. అప్పటికి పెద్ద బోటు కట్టుకోవడానికి అక్కడ ఒక్క జెట్టీ లేదు. ఏటా ఆగస్టులో వీళ్లు దేశం ఆ కొసకు పోయేది అందుకే. 2018లో ఇలాగే వెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడిన వాళ్లలో ఇరవై మంది 2020 జనవరిలోనే వాఘా దాటి వచ్చారు. అంత జరిగినా జెట్టీ లోటు తీరలేదు. కరోనా వీళ్లను రేవులో కట్టేసిందంటాం గానీ, అంత దూరం తరిమింది మాత్రం మన నిర్లక్ష్యమే. ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఏప్రిల్లో ఎండ ముదిరింది. కుర్రాళ్లు సెల్‌ఫోన్లలో తమ గోడు వీడియో తీసి పంపారు. అవి చేతులు మారి మారి, టీవీలకెక్కి, ప్రభుత్వాలను కదిలించాయి. నెలాఖరుకు బస్సులొచ్చాయి. రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దిగాక ఇళ్లకు కాదు, క్వారంటైన్‌కు.

అక్కడుండగానే సేఠ్ ఫోన్ చేశాడు, ఆగస్టుకు మనుషుల్ని కుదర్చమని. తండేలు ఆ సంగతి ఇంటికి చెప్పాడు.

"మళ్లీ ఎల్తావేటి?"

"ఇక్కడ జెట్టీ కట్టినారేటి?"

ఆమె కాసేపాగి అడిగింది: "అడ్వాన్సు ఎంతిత్తానన్నాడు?"