బాయిలర్ ఫ్యాక్టరీ నుంచి స్కాన్ రూమ్ దాకా: గర్భిణుల బీపీ వెనక ఒక కథ

ఈ ఎపిసోడ్ చరిత్రే, కానీ కొంచెం మా ఇంటి విషయం కూడా.

మా అక్క మొదటి కాన్పప్పుడు ఐదో నెలలో టిఫా స్కాన్ చేయించాం. రిపోర్ట్ రాగానే అందరం ఒకటే అడిగాం, బిడ్డ బాగుందా? బాగుంది అన్నారు. స్వీట్లు పంచుకున్నాం. రిపోర్ట్ చివర్లో "యుటెరైన్ ఆర్టరీ, నాచ్" అని ఒక లైన్ ఉంది. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఎనిమిదో నెలలో అక్కకి తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. బీపీ చూస్తే 170 దాటింది. అర్ధరాత్రి ఆపరేషన్. ఇప్పుడు తల్లీబిడ్డా బాగానే ఉన్నారు, మేనకోడలు నా ఫోన్ వదలట్లేదు. కానీ ఆ ఒక్క లైన్ సంగతేంటో చూద్దామని మొదలుపెడితే, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తేలాను.

1950ల్లో కడుపులో ఏముందో చూడాలంటే ఎక్స్‌రే ఒక్కటే దారి. గర్భిణులకి కూడా అదే తీసేవారు! 1956లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టీవర్ట్ అనే డాక్టరమ్మ, అలా ఎక్స్‌రే తీసిన తల్లుల పిల్లల్లో క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని బయటపెట్టారు. చాలామంది డాక్టర్లు ఏళ్ల తరబడి ఆమె మాట నమ్మలేదు. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా కథ.

అదే సమయంలో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి ప్రొఫెసర్ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు కాబట్టి రాడార్, సోనార్ గురించి తెలుసు. ఫ్యాక్టరీల్లో ఇనుములో పగుళ్లు కనిపెట్టడానికి ఒక మెషిన్ వాడేవారు. శబ్దాన్ని లోపలికి పంపితే, పగులు ఉన్నచోట తగిలి ప్రతిధ్వని వెనక్కొస్తుంది. ఇనుములో పనిచేసేది మనిషి ఒంట్లో ఎందుకు పనిచేయదు అనుకున్నారాయన. 1955 జులైలో, ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కారు డిక్కీలో వేసుకుని రెన్‌ఫ్రూలో ఉన్న ఒక బాయిలర్ ఫ్యాక్టరీకి వెళ్లారు. పోల్చి చూడ్డానికి ఫ్యాక్టరీ వాళ్లు పెద్ద మాంసం ముక్క ఒకటి తెచ్చిపెట్టారు. నీటి తిత్తికీ, గట్టి గడ్డకీ ప్రతిధ్వని వేరువేరుగా వచ్చింది. నిజంగానే జరిగింది ఫ్రెండ్స్, సినిమా సీన్ కాదు.

తర్వాత టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు ఈ సంగతి విని, తనే ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాడు. డొనాల్డ్, జాన్ మాక్‌వికార్, బ్రౌన్ కలిసి 1958లో లాన్సెట్ పత్రికలో వ్యాసం వేశారు. నయంకాని క్యాన్సర్ అని వదిలేసిన ఒకావిడకి, అది అండాశయంలో పెరిగిన పెద్ద నీటి తిత్తి మాత్రమేనని ఈ మెషినే చూపించింది. తీసేశారు, ఆవిడ బతికింది.

అయితే బొమ్మ కనిపిస్తే చాలదు. గర్భిణుల బీపీ జబ్బు, అంటే ప్రీఎక్లాంప్సియా, బొమ్మలో కనపడదు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అంటారు. దాని మూలం చాలావరకు మాయ దగ్గర ఉంటుంది. మామూలుగా గర్భసంచి గోడలోని సన్నటి రక్తనాళాలు గర్భం రాగానే వెడల్పై, రక్తం ధారగా పారుతుంది. కొందరిలో అవి సన్నగానే ఉండిపోతాయి. అంటే చూడాల్సింది ఆకారాన్ని కాదు, ప్రవాహాన్ని.

ప్రవాహం కొలవడానికి పనికొచ్చింది 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రం. అంబులెన్స్ దగ్గరికొస్తుంటే సైరన్ ఒకలా, దూరమవుతుంటే ఇంకోలా వినిపిస్తుంది కదా? పారే రక్తం నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా అలాగే మారుతుంది. 1977లో డబ్లిన్‌లో ఫిట్జెరాల్డ్, డ్రమ్ దీన్ని బొడ్డుతాడు మీద వాడారు. 1983లో లండన్‌లో స్టూవర్ట్ కాంప్‌బెల్ బృందం తల్లి వైపు రక్తనాళాల మీద వాడింది. ఈ కాంప్‌బెల్ ఒకప్పుడు డొనాల్డ్ దగ్గరే పనిచేసినాయన. నాళాలు ఇరుకుగా ఉంటే, గుండె కొట్టుకుని కాస్త విశ్రాంతి తీసుకునే క్షణంలో గ్రాఫ్ గీతలో చిన్న నొక్కు పడుతుంది. మా అక్క రిపోర్ట్‌లో ఉన్న "నాచ్" అదే!

ఆ నొక్కు ఉన్న ప్రతి ఒక్కరికీ బీపీ వస్తుందని కాదు, లేకపోతే రాదనీ కాదు. అది ఒక్కటే చూసి జోస్యం చెప్పేస్తే నాకు నచ్చదు. లండన్‌లోనే కైప్రోస్ నికోలైడిస్ బృందం ఈ డాప్లర్‌కి బీపీ కొలతనీ, రక్తపరీక్షల్నీ జోడించి 11 నుంచి 13 వారాల్లోనే రిస్క్ లెక్కగట్టింది. రిస్క్ ఎక్కువున్నవాళ్లలో సగం మందికి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగానికి ఉత్త బిళ్ల. 2017లో ఫలితం వచ్చింది. 37 వారాలు నిండకముందే కాన్పు చేయాల్సొచ్చేంత ప్రీఎక్లాంప్సియా ఉత్త బిళ్ల వేసుకున్నవాళ్లలో 4.3 శాతం, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో 1.6 శాతం. ఇది విని ఎవరూ మెడికల్ షాప్‌కి పరిగెత్తకండి ప్లీజ్, డాక్టర్ రాస్తేనే.

మన దగ్గర ఈ మెషిన్ కథ వేరే దారి పట్టింది. స్కాన్ సెంటర్ అనగానే మనకి గుర్తొచ్చేది లింగ నిర్ధారణ పరీక్షలు చేయం అనే బోర్డు. 1994 చట్టం వల్ల వచ్చిన బోర్డు అది. ఆడపిల్లల్ని చంపుకోవడానికి వాడాం కాబట్టే చట్టం అవసరమైంది. అదే మెషిన్ తల్లి ప్రాణం గురించి కూడా ఏదో చెబుతోందని అడిగేవాళ్లు నాకైతే తక్కువే కనిపించారు. మేమూ అడగలేదుగా.

అక్కకి ఇప్పుడు రెండోసారి. పోయిన నెల 12వ వారం స్కాన్‌కి నేనూ వెళ్లాను. చివరి లైన్ గురించి ఈసారి అక్కే అడిగింది. డాక్టరమ్మ ప్రిస్క్రిప్షన్ వెనక పెన్నుతో ఆ గ్రాఫ్ గీసి చూపించారు. రాత్రి వేసుకోమని బిళ్ల రాశారు. నేను రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేసి "వేసుకున్నావా అక్కా?" అని అడుగుతున్నాను. "నీ గోల ఏంట్రా" అంటుంది, కానీ వేసుకుంటోంది.

వచ్చేవారం ఆలిస్ స్టీవర్ట్ కథ. ఉంటాను మరి.