తాళం పడిన సైన్సు పెట్టె

‘బతకలేక బడిపంతులు’ అన్న సామెతను మనం జీతం సంగతిగానే చదువుకుంటూ వచ్చాం. అందులో మరో పేదరికం దాగివుంది. పిల్లల ఎదుట ఒక ప్రయోగం చేసి, అది తప్పితే ఎందుకు తప్పిందో వాళ్లతో కలిసి వెతికే ధైర్యం లేకపోవడమే ఆ పేదరికం. ఇది టీచరు స్వభావంలోని లోపం కాదు. దీనికొక చరిత్ర ఉంది.

తెలుగువాళ్లకు ఆధునిక విజ్ఞానం ప్రధానంగా పుస్తక రూపంలోనే అందింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతో పాటు శాస్త్ర గ్రంథాలనూ తెలుగులో ప్రచురించి, జ్ఞానాన్ని ఇంగ్లీషు గడప దాటించింది. అది నిస్సందేహంగా ముందడుగు. కాని బడిలో అడుగుపెట్టిన శాస్త్రం వల్లెవేతకు లొంగిపోయింది. పైన ఇన్‌స్పెక్టరు, కింద పరీక్ష, నడుమ పంతులు. తప్పుచేసే హక్కు లేనివాడు ప్రయోగం ఎలా చేస్తాడు? 1937 వార్ధా సదస్సు చేతిపనిని చదువుకు కేంద్రం చేయమంది. చేతిపని చేసేవాణ్ణి తక్కువ కులంవాడిగా చూసే సమాజంలో ఆ ఆలోచన వేళ్లూనలేదు.

1986 జాతీయ విద్యావిధానం దరిమిలా ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ వచ్చింది. ప్రాథమిక పాఠశాలలకు గదులు, రెండో టీచరు, వాటితో పాటు సైన్సు కిట్లు ఇవ్వాలన్నది పథకం. చాలాచోట్ల కిట్టు బీరువా దాటి బయటికి రాలేదు. టీచర్ల సోమరితనమే దీనికి కారణమని తేల్చేయడం సులువు. కాని స్టాకు రిజిస్టరును కూడా చూడాలి కదా! గాజుగొట్టం పగిలితే సంజాయిషీ ఇచ్చుకోవలసినవాడు టీచరు. వాడకపోతే అడిగే నాథుడు లేడు. వస్తువును ఇచ్చిన ప్రభుత్వం విశ్వాసాన్ని ఇవ్వలేదు.

విశ్వాసాన్ని మరోదారిలో పెంచిన ప్రయత్నం మధ్యప్రదేశ్‌లో జరిగింది. 1972లో కిశోర్ భారతి, రసూలియా ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి హోషంగాబాద్ జిల్లాలోని 16 మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలుపెట్టాయి. అక్కడ టీచర్లకు శిక్షణ అంటే ఉపన్యాసం కాదు. పిల్లలు చేయబోయే ప్రయోగాలను ముందుగా వాళ్లే చేసి, వాళ్లే తప్పి, వాళ్లే వాదించుకునేవారు. విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వాళ్ల పక్కన కూర్చున్నారు. నెలనెలా సమావేశాలుండేవి. పరీక్షల్లో పుస్తకం తెరుచుకోవచ్చు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. ముప్ఫై ఏళ్ల అనుభవం మాత్రం మిగిలింది.

మన రాష్ట్రంలో బ్రిటిష్ సహాయంతో 1980ల నడుమ మొదలై, 1989 నుంచి విస్తరించిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఈ దిశగానే సాగింది. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం దాని ఆరు సూత్రాల్లో ఉన్నాయి. సూత్రాల కంటే విలువైనది ఉపాధ్యాయ కేంద్రం. ఇరుగుపొరుగు బడుల టీచర్లు కలిసి కూర్చుని, తమ పాఠం ఎక్కడ కుంటుపడిందో తోటివారికి చెప్పుకునే చోటు అది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక బడి గోడల వెలుపల ఇదే పని చేసింది.

‘స్థానిక పరిసరాలు’ అన్న మాటను నూజివీడు మామిడి సీమలోని రెడ్డిగూడెంలో పెట్టి చూద్దాం. వేసవిలో తిని పారేసిన టెంకలు తొలకరికి మొలకెత్తుతాయి. బడులు తెరిచేదీ అప్పుడే. బంగినపల్లి టెంక నాటితే అదే బంగినపల్లి కాయదనీ, అంటు కట్టవలసిందేననీ తోటపనికి పోయే తల్లిదండ్రుల పిల్లలకు తెలుసు. ఎందుకని అడిగితే పరపరాగ సంపర్కం దాకా పోవచ్చు. గడ్డిలో కప్పిన కాయ బయట పెట్టినదాని కంటే ముందెందుకు పండుతుంది? రెండు కాయలు, గుప్పెడు గడ్డి చాలు. పగిలేదేమీ లేదు. జవాబు తెలియని టీచరు “నాకూ తెలియదు, చూద్దాం రండి” అనగలిగితే పాఠం అక్కడే మొదలవుతుంది. ఆ ఒక్క మాట అనడానికే ఆయనకు తోటి టీచర్ల అండ కావాలి, పై అధికారి ఓర్పు కావాలి.

శాస్త్రీయ దృక్పథం గురించి రచయితలుగా మనం చాలా రాశాం. మూఢనమ్మకాలను ఖండించాం. మంచిదే. కాని ఆ దృక్పథం పుట్టే చోట నిలబడ్డ మనిషిని జాలిపడదగిన పాత్రగానో, నవ్వుకోదగిన పాత్రగానో తప్ప ఎన్నిసార్లు చూశాం? ఆ బీరువా తాళంచెవి టీచరు జేబులోనే ఉంది. అది తీయడానికి ఆయన చెయ్యి ఎందుకు వణుకుతుందో రాయడం మన పని.