సంగీతానికి, చిత్రకళకు ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు: పండవానీ పాటను కంప్యూటర్ ఎలా వింటుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ పేరు వినగానే ఉక్కు, రైలు పట్టాలు గుర్తుకు వస్తాయి. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన అక్కడి కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తెలుగువారితో సహా అనేక రాష్ట్రాల కార్మికులు అక్కడ స్థిరపడ్డారు. మహాభారత కథను పాడి వినిపించే పండవానీ కళకు కూడా ఆ ప్రాంతం పుట్టిల్లు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి భిలాయ్ సమీపంలోని గనియారీ గ్రామంలో జన్మించారు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగమూ చేశారు. 2016లో ఏర్పడిన ఐఐటీ భిలాయ్‌కి ఇప్పుడు అదే దుర్గ్ జిల్లాలో సొంత ప్రాంగణం ఉంది.

పాటలను విశ్లేషించే, బొమ్మలను గీసే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద భాగం నేడు ఓపెన్ సోర్స్ ప్యాకేజీల రూపంలో ఉచితంగా లభిస్తోంది. వాటిని ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చవచ్చు. అయితే ఆ ప్యాకేజీలకు తెలిసిన సంగీతం ఎవరిది? గాయకులూ ప్రోగ్రామర్లూ ఒకే జిల్లాలో ఉన్న చోట ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఎక్కువ.

ప్యాకేజీ అంటే ఏమిటి?

పదే పదే అవసరమయ్యే పనికి ఒకసారి కోడ్ రాసి, దానికి ఒక పేరు, వాడే విధానం వివరించే పత్రం, లైసెన్సు, పరీక్షలు జతచేసి ఇతరులకు అందుబాటులో ఉంచితే అది ప్యాకేజీ. పైథాన్ భాషలో రాసినవాటిని పైపీఐలోను, జావాస్క్రిప్ట్‌లో రాసినవాటిని ఎన్‌పీఎంలోను ఉంచడం పరిపాటి. అక్కడి నుంచి ఒక్క ఆదేశంతో తెచ్చుకోవచ్చు.

కళల కోసం ఇలాంటి ప్రయత్నాలు కొత్తవి కావు. ధ్వనిని సృష్టించే సూపర్‌కొలైడర్‌ను జేమ్స్ మెకార్ట్‌నీ 1996లో విడుదల చేశారు. 2002లో అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయింది. చిత్రకారుల కోసం కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ప్రాసెసింగ్‌ను మొదలుపెట్టారు. దాని భావనలతోనే బ్రౌజర్‌లో బొమ్మలు గీసే పీ5 జేఎస్ వచ్చింది. పిల్లలు కోడ్ రాస్తూ పాట కట్టడానికి శామ్ ఆరన్ రూపొందించిన సోనిక్ పై ఉంది.

ఒకే స్వరస్థానం, రెండు పేర్లు

సంగీత విశ్లేషణలో విస్తృతంగా వాడుకలో ఉన్న పైథాన్ ప్యాకేజీ లిబ్రోసా. పాశ్చాత్య పద్ధతిలో దానికి 440 హెర్ట్జ్ ధ్వని ఇస్తే ‘ఏ’ అనే స్వరం పేరు చెబుతుంది. అక్కడ పౌనఃపున్యానికి, పేరుకు ముడి స్థిరం. మన సంగీతంలో అలా కుదరదు. గాయకుడు ఒకటో శ్రుతిలో పాడినా, గాయని ఐదున్నర శ్రుతిలో పాడినా సరిగమలు అవే. షడ్జం ఎక్కడ ఉన్నదో తెలియకుండా ఏ స్వరానికీ పేరు పెట్టలేము.

లిబ్రోసాలో తర్వాతి కాలంలో హిందుస్తానీ, కర్ణాటక స్వరాల కోసం ప్రత్యేక ఫంక్షన్లు చేర్చారు. అవి ముందుగా ఆధార షడ్జాన్ని అడుగుతాయి. కర్ణాటక ఫంక్షన్ అంతటితో ఆగదు, మేళకర్తను కూడా అడుగుతుంది. ఇందుకు కారణం సంగీతం నేర్చినవారికి తెలిసినదే. స్థాయిలో స్వరస్థానాలు 12, స్వరాల పేర్లు 16. షడ్జం తర్వాత రెండో స్థానం 29వ మేళమైన ధీరశంకరాభరణంలో చతుశ్శ్రుతి రిషభం. మొదటి మేళమైన కనకాంగిలో అదే స్థానం శుద్ధ గాంధారం. ధ్వని మారలేదు, పేరు మారింది. 72 మేళకర్తల పట్టిక ఒక అంతర్జాతీయ ప్యాకేజీలో చేరడం వెనుక ఉన్నది పెద్ద పరిశోధనాగారమేమీ కాదు. కోడ్ అందరికీ తెరిచి ఉండటం, శాస్త్రం తెలిసినవారు దానిని సరిగ్గా రాయడం.

అయినా పట్టిక రాగం కాదు. గమకంలో స్వరం ఒకచోట నిలవదు, పక్క స్థానాలను తాకుతూ ఊగుతుంది. దానిని 12 గడుల్లో ఏదో ఒకదానికి నెట్టితే మిగిలేది అస్థిపంజరం. 1983 నాటి మిడీ ప్రమాణంలో స్వరాలకు 0 నుంచి 127 వరకు అంకెలు ఉంటాయి. కీబోర్డు మెట్లకు అది చక్కగా సరిపోతుంది. తోడిలోని గాంధారానికి సరిపోదు.

బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా నాయకత్వంలో 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ పరిశోధన ఈ లోటును పట్టించుకుంది. కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలతో పాటు టర్కీ, చైనా, అరబ్-అండలూసీ సంప్రదాయాలను వాటి వాటి లక్షణాలతోనే అధ్యయనం చేయాలన్నది దాని ఉద్దేశం. ఆ కృషికి కొనసాగింపుగా వచ్చిన కాంపియామ్ అనే పైథాన్ ప్యాకేజీ భారతీయ శాస్త్రీయ సంగీత విశ్లేషణ కోసమే రూపొందింది.

కథాగానం దగ్గర వచ్చే చిక్కు

శాస్త్రీయ సంగీతానికి లక్షణ గ్రంథాలు ఉన్నాయి కనుక పట్టికలు రాయగలిగారు. కథాగానం సంగతి వేరు. పండవానీలో కూర్చుని చెప్పే వేదమతి, నిలబడి అభినయిస్తూ చెప్పే కాపాలిక అని రెండు శైలులు. తీజన్ బాయిది రెండోది. చేతిలోని తంబురా ఒక్క క్షణంలో భీముడి గద అవుతుంది. పక్కన ఉండే రాగీ ఊ కొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథను ముందుకు నడుపుతాడు. తెలుగు పాఠకులకు వెంటనే బుర్రకథ స్ఫురిస్తుంది. అక్కడ కథకుడి చేతిలో తంబురా, అటూ ఇటూ గుమ్మెటలతో హాస్యపు వంత, రాజకీయ వంత.

లిబ్రోసాలోని లయను గుర్తించే ఫంక్షన్, వేరే సూచన ఇవ్వకపోతే, నిమిషానికి 120 దరువులన్న అంచనాతో మొదలవుతుంది. ఆ పద్ధతి మౌలికంగా వేగం నిలకడగా సాగే పాటలను దృష్టిలో పెట్టుకొన్నది. కథకుడు వచనంలో మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారి, వీరరసంలో వేగం పెంచి, హఠాత్తుగా ఆగి వంతతో ముచ్చటిస్తే అది తప్పుదారి పట్టే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఉపయోగపడేది చిన్న ప్యాకేజీయే. రికార్డింగ్‌లో వచనం ఎక్కడ, పాట ఎక్కడ, వంత జవాబు ఎక్కడ అని విడదీస్తే చాలు. ఆ పని కోడ్‌తో మొదలు కాదు. కళాకారుల పక్కన కూర్చుని, వారు వాడే పేర్లతోనే కొన్ని గంటల రికార్డింగులకు గుర్తులు పెట్టించుకోవాలి. ఆ గుర్తులే తర్వాత పరీక్షలవుతాయి. కోడ్ మారిన ప్రతిసారీ జవాబులు వాటితో సరిపోవాలి. ఈ మెట్టును దాటవేసి రాసిన ప్యాకేజీ ఎంత వేగంగా పనిచేసినా నమ్మదగినది కాదు.

చుక్కలు, గీతలు

చిత్రకళలో పని కొంత తేలిక. చుక్కల ముగ్గుకు నియమం ఉంటుంది. నియమం ఉన్నదానిని కోడ్‌గా రాయవచ్చు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, సహ పరిశోధకులతో కలిసి 1970లలోనే ముగ్గులను గణిత వ్యాకరణాలుగా వివరించారు. ఛత్తీస్‌గఢ్ ఇళ్ల ముంగిట పండుగలకు బియ్యప్పిండితో వేసే చౌక్‌ను కూడా పీ5 జేఎస్‌లో అదే తీరున ప్రయత్నించవచ్చు.

లైసెన్సు కోడ్‌కా, గొంతుకా?

కోడ్‌ను బహిరంగంగా ఉంచినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. లైసెన్సు లేకపోతే హక్కులన్నీ రచయితవే. ఎంఐటీ లైసెన్సు దాదాపు అన్ని వినియోగాలకూ అనుమతి ఇస్తుంది. జీపీఎల్ ప్రకారం మార్చిన కోడ్‌ను పంచినప్పుడు దాని మూలాన్ని కూడా అవే షరతులపై ఇవ్వాలి. తెలుగు అక్షరాలకు సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గిడుగు, రామభద్ర వంటి ఫాంట్లు ఓఎఫ్‌ఎల్ లైసెన్సుతో లభిస్తున్నాయి. పోస్టరు వేసే చిత్రకారుడు వాటిని ఉచితంగా వాడవచ్చు, మార్చవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మరాదు.

పాట విషయంలో అసలు ప్రమాదం కోడ్‌లో కంటే నమూనాగా జతచేసే రికార్డింగులలో ఉంది. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రదర్శకులకు ప్రత్యేక హక్కును గుర్తిస్తుంది; దాని గడువు 50 ఏళ్లు. ప్రదర్శకుల నిర్వచనంలో గాయకులు, నర్తకులతో పాటు గారడీవారిని, పాములవారిని సైతం పేరు పెట్టి చేర్చింది. చట్టాలలో అరుదుగా కనిపించే ఔదార్యమిది. కనుక పల్లెలో పాడిన పండవానీ కళాకారిణి అనుమతి లేకుండా ఆమె గొంతును ప్యాకేజీలో చేర్చడం తగదు. తన ప్రదర్శనకు తన పేరు ఉండాలని కోరే హక్కు కూడా ఆమెకు ఉంది.

అనుమతి అడిగేటప్పుడు చెప్పవలసిన ముఖ్యమైన సంగతి మరొకటి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఒకసారి విడుదల చేసిన రికార్డింగుకు ఇచ్చిన అనుమతిని తర్వాత ఉపసంహరించుకోలేరు. అందులో వాణిజ్య వినియోగానికి అనుమతిస్తే ప్రకటనల్లో వాడుకునేవారిని ఆపడం కష్టం. ఈ మాట కళాకారుల భాషలో, సంతకానికి ముందే చెప్పాలి. కోడ్‌కు ఒక లైసెన్సు, రికార్డింగులకు మరొకటి పెట్టడం, గొంతులను అసలు విడుదల చేయకుండా గుర్తులను మాత్రమే పంచడం కూడా సాధ్యమే.

విడుదల తర్వాత

విడుదలైన ప్యాకేజీకి కాపలా అవసరం. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల జావాస్క్రిప్ట్ ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తొలగించగానే, దానిపై ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. అందుకే నిర్వహణ బాధ్యత కనీసం ఇద్దరి చేతుల్లో ఉండటం మేలు. పాత ఫలితాలు మారేలా సవరణ చేస్తే వెర్షన్‌లోని మొదటి అంకెను పెంచడం ఆనవాయితీ: 1.4 తర్వాత 2.0. పరీక్షల కోసం పాడినవారి, గుర్తులు పెట్టినవారి పేర్లు కోడ్ రాసినవారి పేర్లున్న ఫైలులోనే చేర్చవచ్చు. అందుకు అదనపు సాంకేతికత ఏదీ అక్కరలేదు.